రికార్డు పుస్తకంలో శాలిహుండం

ప్రశ్న: మేముండేది శ్రీకాకుళం టౌన్లో. అమ్మాయికి పదేళ్లు, బాబుకి ఏడు. రెండేళ్లుగా ఇద్దరినీ ఇంట్లోనే చదివిస్తున్నాం. లెక్కలు, భాషలు బాగానే సాగుతున్నాయి. చరిత్రకీ, చిత్రకళకీ మాత్రం అమెరికా వాళ్లు తయారుచేసిన నోట్‌బుకింగ్ పేజీల సెట్టు ఒకటి ఆన్‌లైన్లో కొన్నాను. ప్రతి పేజీలో పైన బొమ్మకి ఖాళీ గడి, కింద రాయడానికి గీతలు. ఈజిప్టు, రోము, మైకెలాంజెలో, ఇలా బోలెడు. ప్రింట్లకే డబ్బు మంచినీళ్లలా ఖర్చవుతోంది. అమ్మాయి ఫోన్లో వెతికి నాలుగు వాక్యాలు ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించేసి "అయిపోయిందమ్మా" అంటుంది. మర్నాడు అడిగితే ఒక్క ముక్క గుర్తుండదు. బాబు బొమ్మ వేస్తాడు కానీ రాయమంటే పెన్సిలు విసిరేస్తాడు. మా మావయ్య గారేమో "బడీ లేదు, పరీక్షా లేదు, ఈ బొమ్మలేటమ్మా?" అంటున్నారు. పేజీలు మానేయమంటారా? రాయిస్తే తెలుగులోనా, ఇంగ్లీషులోనా? రేపు పదో తరగతికి ఇవేమైనా పనికొస్తాయా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, పేజీలు మానకండి. ప్రింట్లు మానేయండి.

ముందు ఖర్చు సంగతి తేల్చేద్దాం. దగ్గర్లోని పుస్తకాల షాపుకెళ్లి సైన్సు రికార్డు పుస్తకం అడగండి. ఇంటర్ పిల్లలు బోటనీ, జువాలజీ బొమ్మలు వేస్తారే, అది. ఒక పక్క తెల్ల కాయితం, ఎదురు పక్క గీతల కాయితం. మీరు ఆన్‌లైన్లో కొన్న పేజీలో ఉన్నదీ ఇంతే కదా! అట్ట గట్టిగా ఉంటుంది, కాయితాలు చెదిరిపోవు, పిల్లకొకటి పిల్లాడికొకటి కొంటే చాన్నాళ్లు వస్తాయి. నీళ్ల రంగులకి మాత్రం ఆ కాయితం ఆగదు, ముడతలు పడుతుంది. రంగులు వేసే రోజున విడిగా డ్రాయింగ్ షీటు ఇచ్చి, ఆరాక కత్తిరించి అంటించండి.

ఇక అసలు సంగతి. మీ అమ్మాయి "అయిపోయిందమ్మా" అంటోందంటే తప్పు పిల్లది కాదు. ఖాళీ గడి, ఖాళీ గీతలు చేతికిచ్చి నింపమంటే బ్యాంకు ఫారం నింపినట్టే నింపుతారు ఎవరైనా. చూడని రోము గురించి, ఎవరూ చెప్పని మైకెలాంజెలో గురించి రాయమంటే ఫోన్లో వెతక్క పాపం ఏం చేస్తుంది?

ఈ పేజీల వెనక ఒక పాత పద్ధతి ఉంది. ఇంగ్లండులో షార్లెట్ మేసన్ (1842–1923) అని ఒక టీచరమ్మ ఉండేవారు. ఆవిడ పద్ధతిలో పిల్లలకి ఒక మంచి భాగం ఒక్కసారే చదివి వినిపిస్తారు. పుస్తకం మూసేస్తారు. ఇప్పుడు విన్నది నువ్వు చెప్పమంటారు. ఆరేళ్ల నుంచి నోటితో చెప్పడమే, రాతలో చెప్పడం పదేళ్లు దగ్గరపడ్డాకే. ఇంట్లో చదివించే తల్లిదండ్రులు చాలామంది ఈ దారినే నడిచారు. నోట్‌బుకింగ్ పేజీ ఆ చెప్పిన మాటని, చూసిన బొమ్మని దాచుకునే చోటు. అది అమ్మకానికి వచ్చేసరికి కాయితం మిగిలింది, చెప్పించడం జారిపోయింది. మీరు డబ్బిచ్చి కొన్నది ఆ మిగిలిన సగం. జారిపోయిన సగాన్ని వెనక్కి తెచ్చుకుంటే చాలు, దానికి పైసా ఖర్చు లేదు.

ఎలాగో చెబుతాను. శాలిహుండంతో మొదలుపెట్టండి. మీకు గార మండలం ఎంత దూరం, ఒక పూట పని. చిన్న కొండ, మీద ఇటుక స్తూపాలు, కింద వంశధార. క్రీ.పూ. 2వ శతాబ్దం నుంచి క్రీ.శ. 12వ శతాబ్దం దాకా అక్కడ బౌద్ధం నడిచిందని తవ్వకాల్లో బయటపడ్డ వాటిని బట్టి చెబుతారు. ధాతువులు, అంటే పవిత్ర అవశేషాలు, దాచిన భరిణెలు దొరికాయి. తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు దొరికాయి. ఇదంతా మీరు చదువుకుని వెళ్లండి, కానీ పిల్లలకి ముందుగా చెప్పొద్దు. "చాలాకాలం కిందట ఇక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవారట, ఏం కట్టుకున్నారో చూద్దాం పదండి" అంటే సరిపోతుంది.

కొండెక్కగానే పుస్తకం తీయకండి. కాసేపు తిరగనివ్వండి. కట్టడాల మీదకి ఎక్కనీయకుండా, ఇటుక పక్కన జాన పెట్టి ఎంత ఉందో చూడమనండి. మన ఇళ్లకి వాడే ఇటుకతో పోలిక వాళ్లే తెస్తారు. స్తూపం చుట్టూ నడిచి ఎన్ని అడుగులో లెక్కపెట్టమనండి. తర్వాత నీడ చూసుకుని కూర్చోబెట్టి, కనబడేవాటిలో ఒక్కటంటే ఒక్కటి గీయమనండి. మొత్తం కొండ గీస్తానంటుంది అమ్మాయి, వద్దనండి. ఒక మెట్టు, ఒక ఇటుకల వరస, అక్కడి మ్యూజియంలో ఒక విగ్రహం చెయ్యి. చిన్నది గీస్తేనే కన్ను నిలుస్తుంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర తాతయ్యకి ఇద్దరూ చెప్పాలి. మీరు మధ్యలో అందుకోకండి, ఇదే కష్టం. "స్తూపం పేరు చెప్పలేదేమే" అని గుర్తుచేయాలని నాలుక దురద పెడుతుంది. ఆపుకోండి. రాయడం మర్నాడు పొద్దున్న. అమ్మాయి ఇలా రాసిందనుకోండి:

"కొండ మీద ఇటుకలు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. పైకప్పు లేదు. తమ్ముడు చుట్టూ నడిచి లెక్కపెట్టాడు గానీ మధ్యలో మర్చిపోయాడు. పైనుంచి చూస్తే నదిలో ఇసకే ఎక్కువ కనబడింది. వాళ్లు నీళ్ల కోసం రోజూ కిందికి దిగేవారా?"

అయిదే వాక్యాలు. తేదీలు లేవు, శతాబ్దాలు లేవు, మారీచి లేదు. కానీ ఆ చివరి ప్రశ్న చూడండి, అది ఏ రెడీమేడ్ పేజీలోనూ ఉండదు. చరిత్ర చదివేవాడికి కావలసింది అలాంటి ప్రశ్నే. దానికి వెంటనే జవాబు చెప్పేయకండి. మీకు తెలియకపోతే మరీ మంచిది, ఇద్దరూ కలిసి వెతుకుతారు. ఇప్పుడు తీయండి శాలిహుండం గురించిన పుస్తకమో, వ్యాసమో. అడిగిన పిల్లకి చెవులు తెరుచుకుని ఉంటాయి. ఒక పేరా చదివి, మూసేసి, చెప్పించండి. కొత్తగా తెలిసింది అదే పేజీలో కింద వేరే రంగు పెన్నుతో రాయించి ఆ రోజు తేదీ వేయించండి. ఏది తను చూసిందో, ఏది చదివి తెలుసుకుందో పేజీ మీద విడివిడిగా కనబడుతుంది. ఫోన్లోది ఎక్కించే అలవాటు పోవడానికి నాకు తెలిసిన మందు ఇదే. నాలుగు తిట్లు తిడితే పోదు.

బాబు సంగతి తేలిక. ఏడేళ్లవాడు పెన్సిలు విసిరేస్తున్నాడంటే చెప్పాలనుకున్నది చాలా ఉంది, చెయ్యి అందుకోలేకపోతోందని. వాడు చెప్పాలి, మీరు రాయాలి. వాడన్న మాట వాడన్నట్టే. "పే...ద్ద ఇటుక" అన్నాడంటే "పెద్ద ఇటుక" అని సరిచేయకండి. రాసింది చదివి వినిపించండి, నవ్వుకుంటాడు. బొమ్మ కింద పేర్లు మాత్రం వాడే రాయాలి: ఇటుక, మెట్టు, నది. మూడు మాటలు చాలు. తొమ్మిదో ఏడు వచ్చేసరికి సగం మీరు, సగం వాడు.

తెలుగా, ఇంగ్లీషా అని అడిగారు. తెలుగే, అందులోనూ ఇంట్లో మాట్లాడే తెలుగు. గిడుగు రామమూర్తి గారు మీ జిల్లా పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు. చదువులో, రాతలో వాడుక భాష ఉండాలని జీవితమంతా పోరాడింది ఆయన. సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చింది ఆయన. 1919లో శాలిహుండం శిథిలాల్ని గుర్తించి లోకానికి చూపించిందీ ఆయనే! పిల్లల పుస్తకంలో శాలిహుండం తర్వాతి పేజీ ఎవరిదో ఇక వేరే చెప్పాలా? అలాంటాయన పుట్టిన గడ్డ మీద మీ బాబు మీ యాసలో "ఏటి", "గుంట" అని రాస్తే ఎర్ర పెన్ను తీయకండి. తప్పు స్పెల్లింగులు మీరు వేరే కాయితం మీద రాసిపెట్టుకుని, తెలుగు పీరియడ్లో ఉక్తలేఖనం చేయించండి. ఈ పుస్తకంలో దిద్దుబాట్లు వద్దు. ఇంగ్లీషు నేర్పడానికి వేరే చోట్లు బోలెడున్నాయి. మరీ అనిపిస్తే బొమ్మ పేరు రెండు భాషల్లో రాయించండి.

చిత్రకళకి మైకెలాంజెలో దాకా పోవక్కర్లేదు. వడ్డాది పాపయ్య గారు 1921లో శ్రీకాకుళంలోనే పుట్టారు. ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, చందమామ అట్ట మీద "వ.పా." సంతకం గుర్తుపడతారు. ఆరు అట్టబొమ్మలు సంపాదించండి. పాత పుస్తకాల వాళ్ల దగ్గర దొరికితే సరే, లేదంటే మంచి రంగు ప్రింట్లు తీయించండి. నేను ప్రింటుకి డబ్బు పెట్టమనేది ఈ ఒక్కచోటే. ఆరే ఎందుకంటే, మేసన్ బళ్లలో ఒక టర్ముకి ఒకే చిత్రకారుడివి ఆరు బొమ్మలు చూపించేవారు. ఒకరివే ఆరు చూస్తే ఏడోది ఎక్కడ కనబడినా పిల్లలు పట్టేస్తారు.

రెండు వారాలకి ఒక బొమ్మ. బల్ల మీద పెట్టి అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా చూడాలి, మీరు కూడా. బోర్లా తిప్పేయండి. "ఏమున్నాయి చెప్పండి." ఒకరు చీర రంగు అంటారు, ఒకరు ఏనుగు అంటారు, "ఏనుగు కాదు, మేఘం" అని కొట్టుకుంటారు. తిప్పి చూపించండి. ఇప్పుడు చూసే చూపు వేరుగా ఉంటుంది, గమనించండి. ఎవరి వైపు నుంచి వెలుతురు పడుతోంది, వెనక ఉన్న కొండ ముందున్న మనిషి కంటే ఎందుకు లేతగా ఉంది, ఇవి మీరు అడగాల్సిన ప్రశ్నలు. "బాగుందా?" అని మాత్రం అడగొద్దు, "బాగుంది" అని ఊరుకుంటారు. తెల్ల పేజీ మీద మొత్తం బొమ్మ కాపీ కొట్టించకండి. పదేళ్ల పిల్ల వ.పా. గీతతో పోటీపడి ఏడుస్తుంది. ఒక మూల తీసుకోమనండి. చేతి కడియమో, తామరాకో, జడలో పువ్వో. ఎదురు పేజీలో రెండు మూడు వాక్యాలు. చిత్రకారుడు ఎప్పుడు పుట్టాడు, ఎక్కడ చదివాడు అన్నవి ఆరు బొమ్మలూ అయ్యాక, ఒకే పేజీలో. అప్పటికి ఆ మనిషి మీద ఆసక్తి పుడుతుంది.

శ్రీకూర్మంలో ప్రదక్షిణ మండపం గోడల మీద బొమ్మలున్నాయి, స్తంభాల నిండా శాసనాలున్నాయి. మీవాళ్లు అక్కడి తాబేళ్ల దగ్గరే ఆగిపోతారు, ఫరవాలేదు, మొదటిసారి తాబేలు పేజీ చేయించి రెండోసారి గోడల దగ్గరికి తీసుకెళ్లండి. సీతంపేట వైపు కొండ ఊళ్లలో సవరలు ఎర్రమట్టి గోడ మీద తెల్లగా వేసే సన్నటి మనుషుల బొమ్మల్ని ఈ మధ్య బడుల్లో, మాల్స్‌లో డిజైనుగా వాడేస్తున్నారు. అవి వాళ్లు తమ పితరుల కోసం, దేవతల కోసం పూజతో వేసే బొమ్మలు. ఆ మాట ముందు చెప్పి, ఆ తర్వాతే పెన్సిలు ఇవ్వండి.

మరి కొన్న సెట్టు పారేయాలా? అక్కర్లేదు. దాని కోసం ఇంకో పుస్తకం పెట్టండి. రెండేసి పేజీలకి ఒక శతాబ్దం. గీతల పక్క జరిగినవి ఒక్కో లైనులో, తెల్ల పక్క ఆ కాలపు వస్తువుల చిన్న బొమ్మలు. ఇదీ మేసన్ బళ్లలో ఉన్నదే. ఎప్పుడు ఏది తెలిస్తే అప్పుడు దాని శతాబ్దంలోకి వెళ్లి రాసుకోవడమే, వరసగా నింపక్కర్లేదు. 16వ శతాబ్దం తెరవండి. మైకెలాంజెలో రోములో సిస్టీన్ చాపెల్ కప్పు మీద బొమ్మలు వేసింది 1508 నుంచి 1512 దాకా. ఆ మధ్యలోనే, 1509లో, కృష్ణదేవరాయలు గద్దెనెక్కాడు. 1516లో కళింగం మీద దండయాత్రకి వచ్చి సింహాచలం దర్శించుకుని శాసనం వేయించాడు. రెండూ ఒకే పేజీలో పక్కపక్కన పడేసరికి "వీళ్లిద్దరూ ఒకేసారి బతికి ఉన్నారా!" అంటుంది మీ అమ్మాయి. మీ సెట్టులో మైకెలాంజెలోకి ఇప్పుడు చుట్టరికం కుదిరింది. 18వ శతాబ్దం తెరిస్తే 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం, అదే ఏడు జూన్ 23న ప్లాసీ యుద్ధం. అయిదు నెలల తేడా. ఒకచోట ఫ్రెంచివాళ్లు, ఒకచోట ఇంగ్లీషువాళ్లు. ఇది నేను వివరంగా రాయను, పిల్లలే కలుపుకోనివ్వండి. జలుమూరు మండలంలోని శ్రీముఖలింగం ఒకప్పటి తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం అంటారు కదా, ఆ గుళ్లు చూసొచ్చిన రోజున ఇంకా వెనక్కి వెళ్లి రాసుకుంటారు.

బొబ్బిలి అన్నాను కాబట్టి ఒక జాగ్రత్త. కోట పడిపోయే ముందు లోపల ఆడవాళ్లకీ పిల్లలకీ ఏం జరిగిందన్నది ఏడేళ్లవాడికి చెప్పే కథ కాదు. వాడికి వీణ చాలు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసచెక్కతో వీణలు చేస్తారు, వీణ గీసి కుండ, దండి, మెట్లు అని పేర్లు పెట్టమనండి. యుద్ధం అమ్మాయికి, అదీ ఇంకో రెండేళ్లు పోయాక. అప్పుడు రెండు వైపులా వినిపించండి. బుర్రకథలో తాండ్ర పాపారాయుడే సర్వం. ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ కూడా ఆ యుద్ధం గురించి 18వ శతాబ్దంలోనే రాశాడు, ఆయన చూపు వేరు. పేజీకి ఒక మూల చిన్న గడి కట్టి "ఎవరు చెప్పారు?" అని రాయించండి.

ఆ గడి అలవాటు కావడానికి బొబ్బిలి దాకా ఆగక్కర్లేదు, మావయ్య గారున్నారుగా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు ఎలా నేలమట్టమయ్యాయో జిల్లాలో తెలియనివాళ్లు లేరు. మీ పిల్లల్లో ఒకరు అప్పటికి పసిపిల్ల, ఒకరు పుట్టలేదో, ఒళ్లోనే ఉన్నారో. అంటే వాళ్లకిది చరిత్రే. తాతయ్యని అడగమనండి: ఆ రాత్రి ఎక్కడున్నారు, గాలి ఎప్పుడు మొదలైంది, కరెంటు ఎన్నాళ్లకి వచ్చింది, ఊళ్లో చుట్టాల తోటలో ఎన్ని చెట్లు మిగిలాయి. అదే ప్రశ్నలు నానమ్మనో, పక్కింటివాళ్లనో విడిగా అడగాలి. ఇద్దరి లెక్కా కలవదు. రెండూ రాయాలి, ఎవరిది ఎవరిదో పేరు వేయాలి. మావయ్య గారు "బొమ్మలేటి" అనడం మానేస్తారని నేను హామీ ఇవ్వను గానీ, తను చెప్పింది పిల్ల సరిగ్గా రాసిందో లేదోనని కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూస్తారు.

వారానికి రెండు పేజీలు చాలు, చరిత్రకొకటి, బొమ్మకొకటి. జ్వరాలు, పెళ్లిళ్లు ఉన్న వారం ఒకటీ ఉండదు, నష్టం లేదు.

చివరిది, పదో తరగతి. ఈ పేజీలు పరీక్షకి సరిపోవు. పరీక్షకి సిలబస్సు, పాత ప్రశ్నపత్రాలు, టైము చూసుకుని జవాబు రాయడం కావాలి. దాన్ని పన్నెండో ఏట మొదలుపెట్టినా చాలు, తొందరేం లేదు. చూసింది తన మాటల్లో చెప్పగలిగే పిల్లకి ఆ జవాబులు రాయడం బరువనిపించదు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అదే ఎన్ఐఓఎస్ ద్వారా పదో తరగతి రాయడానికి పద్నాలుగేళ్లు నిండాలి. అందులో తెలుగు మీడియం ఉంది, సాంఘిక శాస్త్రంతో పాటు పెయింటింగ్ కూడా ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు. మీ అమ్మాయి సంగతి చూస్తే ఆ సబ్జెక్టు మీద ఒక కన్నేసి ఉంచండి. ఒకవేళ ఈలోగా బడిలో వేయాలనిపిస్తే, వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని 2009 నాటి విద్యాహక్కు చట్టమే చెబుతోంది. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా పిల్లలకి అది వర్తిస్తుంది. అప్పుడు హెడ్మాస్టరు గారు "ఇన్నాళ్లూ ఏం చదివారు?" అని అడగకమానరు. అందుకని ప్రతి పేజీ మీదా తేదీ, చూసిన ఊరి పేరు ఇప్పటినుంచే వేయించండి. పుస్తకం నిండాక అట్ట మీద మొదలుపెట్టిన రోజు, ముగించిన రోజు రాసి, లెక్కల పుస్తకాలతో పాటే బీరువాలో పెట్టండి.